బూడిద గుమ్మడికాయ రంగు కారు

శేషగిరిరావు నా భూమి తిన్నాడని నేను అనను. తిన్నవాడు ఏనాటికైనా అరక్క బాధపడతాడు. ఇతను తిన్నాడు, మూతి తుడుచుకున్నాడు, పైగా నా అరుగుదల గురించి నాకే సలహా చెప్పి వెళ్లాడు. నా గొడవంతా ఆ సలహా గురించే.

శేషగిరిరావు నాకు తోడల్లుడు. మా ఆవిడ ఆదిలక్ష్మి అక్క కుసుమకుమారిని చేసుకున్నాడు. కాపురం బాపట్లలో. బి.ఏ. ప్యాసయ్యాడు గాని ఉద్యోగం చేయలేదు. పొలం కౌలుకిచ్చి, వాలుకుర్చీలో కూర్చుని, బంధువులకు సలహాలు చెప్పడం వృత్తిగా పెట్టుకున్నాడు. ప్లీడరుకైతే ఫీజు ఉంటుంది గనక మనం నోరు అదుపులో పెట్టుకుంటాం. ఇతనికి ఫీజు లేదు, అడగకపోయినా చెబుతాడు. మా మామగారింట్లో పప్పులో ఉప్పు ఎక్కువైందో లేదో తేల్చడానికి కూడా పెద్దల్లుడి వైపే చూసేవాళ్లు. నేను థర్డు ఫారం మధ్యలో పలక పారేసినవాణ్ణి. విస్తట్లో ఇంకేమైనా కావాలా అన్న ప్రశ్న తప్ప నన్ను ఇంకో ప్రశ్న అడిగినవాళ్లు ఆ ఇంట్లో లేరు.

డెబ్బైలో తెనాలిలో ఒక పెళ్లికి వెళ్లాను. ఊరేగింపు కారు గుంటూరు నుంచి రావాలి. అది దార్లో చెడిపోయింది. పెళ్లికొడుకు విడిదిలో చెమటలు కక్కుతూ కూర్చున్నాడు, బ్యాండు మేళంవాళ్లు వాయించిందే వాయించారు. చివరికి కారు వచ్చింది. పైకప్పు లేని పెద్ద కారు, ఎర్ర రంగు, ముందు రేకుతో చేసిన నెమలి. పెట్రోమాక్సు లైట్లు దాని మీద పడితే వీధి వీధంతా అందులో కనిపించింది. అంతసేపూ తిట్టుకుంటున్న జనం నోళ్లు మూతబడ్డాయి. తెనాలి, రేపల్లె, బాపట్ల మూడు ఊళ్లకీ కలిపి ఒక్క ఊరేగింపు కారు లేదని ఆ పూటే నాకు తట్టింది. చదువులేనివాడికి కూడా అప్పుడప్పుడు తడుతుంది. తట్టిన తరవాత చదువుకున్నవాడి దగ్గరికి వెళ్లడమే తప్పు.

గుంటూరులో ఒక పొగాకు వ్యాపారి పాత అమెరికా కారు అమ్ముతున్నాడని తెలిసింది. లోపల సీట్లు చూస్తే రెండు మంచాలు వేసినట్టుంటాయి. దాన్ని కొని, పైకప్పు కోయించి, రంగు వేయించాలంటే కాలవ పక్కన నాకున్న మాగాణి అమ్మాలి. మా నాన్న నాకిచ్చింది అదొక్కటే. బయటివాళ్లకి అమ్మితే మళ్లీ రాదు. అందుకని బాపట్ల వెళ్లి శేషగిరిరావుని అడిగాను.

"అన్నగారూ, చేను మీరు రాయించుకోండి. వచ్చే వైశాఖం, జ్యేష్ఠం పెళ్లిళ్లలో కారు తిప్పి మీ డబ్బు మీకిచ్చేస్తాను. నా చేను నాకు తిరిగి రాసివ్వండి."

"జ్యేష్ఠం వెళ్లేలోగా ఇస్తే నీ చేను నీదే తమ్ముడూ. ఒకరోజు దాటిందా, నాది. అంతేనా?"

"అంతేనండి. అదే ఒక కాగితం మీద రాసుకుంటే..."

"మనలో మనకి కాగితాలేంటోయ్. అక్కాచెల్లెళ్ల మొగుళ్లం. మాట చాలు."

కాగితం అక్కర్లేదన్న మనిషి అమ్మకం కాగితం మాత్రం రేపల్లె రిజిస్ట్రీ ఆఫీసులో నా వేలు పట్టుకుని మరీ చేయించుకున్నాడు. సంతకం నాకు వచ్చునని చెప్పినా, వేలిముద్ర కూడా ఉంటే నిండుగా ఉంటుందన్నాడు.

తెనాలిలో జకరయ్య షెడ్డులో కారు పెట్టాను. జకరయ్య రంగుల పనివాడు. లారీలకి, బస్సులకి, చర్చి తలుపులకి అతని చెయ్యే. వెల్డింగువాళ్లు పైకప్పు కోసి తీసేసిన మర్నాడే శేషగిరిరావు బాపట్ల నుంచి దిగాడు. చంకలో ఒక ఇంగ్లీషు పత్రిక. అందులో ఒక కారు బొమ్మ.

"గుంటూరు ఎరుపు, ఆ నెమలీ, అదంతా మోటు వ్యవహారం" అన్నాడు. "మెరిసే కారు ఇప్పుడెవరూ ఎక్కట్లేదు. మాట్."

"ఏ మాటండి అన్నగారూ?"

"మాట కాదోయ్, మాట్. మెరుపు లేకపోవడం. ఇంగ్లీషులో అట్టా అంటారు."

"లేకపోవడానికి పేరెందుకండి?"

"పేరుంటేనే గదా ధర పలికేది."

జకరయ్య బొమ్మని వెలుతురులోకి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏమండీ బావగారూ, ఇందులో కారు మెరవట్లేదా, కాయితం మెరవట్లేదా?"

"చూశావా తమ్ముడూ" అన్నాడు శేషగిరిరావు నాతో. "మన దేశం ఎందుకు వెనకబడిందంటే ఇందుకే."

ఆ బొమ్మ నాసిరకం కాగితం మీద అచ్చయింది. ఆ కాగితం మీద సూర్యుణ్ణి అచ్చువేసినా మెరవడు. కానీ దేశం వెనకబడ్డానికి కారణం నేను కాకూడదని ఊరుకున్నాను. పైగా చేను ఆయన పేరున ఉంది. చేను ఎవరి పేరున ఉంటే రుచి కూడా వాళ్లదే.

"ఇంతకీ నన్నేం చేయమంటారు? రంగు కొట్టి రుద్దకుండా వదిలేయమనేగా?" అన్నాడు జకరయ్య. కారు రంగు గన్నుతో కొట్టగానే మెరవదు. ఆరిన తరవాత మెత్తటి మందుతో, గుడ్డతో, చేతులు పడిపోయేట్టు రుద్దితేనే నిగారింపు వస్తుంది. అతని పనిలో సగం రుద్దడమే.

"వదిలేయడం కాదయ్యా. అదొక ఫినిష్."

"ఫినిష్ చేయకపోతే ఫినిష్ ఎట్టా అవుద్దండి?"

"అవుద్ది."

"అయితే సరేనండి. రుద్దటం లేదు గదాని కూలీ తగ్గిద్దనుకునేరు. మామూలుగా ఏదన్నా తప్పొస్తే రుద్ది సర్దుకుంటాం. ఇందులో సర్దుబాటు లేదు. భయపడతా చెయ్యాలి. భయానికి వేరే పడుద్ది."

ఆ విధంగా పని చేసినందుకు కాక, చేయకుండా ఉన్నందుకు ఎక్కువ ఇచ్చే ఒప్పందం నా ఎదుటే, నా డబ్బుతోనే కుదిరింది.

ఇక రంగు. జకరయ్య కిరసనాయిలు డబ్బా రేకులు కత్తిరించి, ఒక్కో దాని మీద ఒక్కో రంగు కొట్టి తీగకి వేలాడదీశాడు. శేషగిరిరావు ఒక కన్ను మూసి, వెనక్కి నాలుగడుగులు వేసి, కంప్రెసర్ గొట్టం తట్టుకుని పడబోయి నిలదొక్కుకుని చూశాడు. నలుపు శవాల బండిలా ఉందన్నాడు. ఇటుక ఎరుపు రైలు పెట్టెలా ఉందన్నాడు. నీలం పోలీసులదన్నాడు. ఆకుపచ్చ దగ్గర ఆగి, "ఇది కాదుగాని దీని చుట్టుపక్కలే ఎక్కడో ఉంది" అన్నాడు. అని, షెడ్డు పక్కనున్న తాటాకు కప్పు వైపు చెయ్యెత్తాడు.

"అదీ."

కప్పు మీద బూడిద గుమ్మడి పాదు. ఆ కాపులో మిగిలిన కాయలు రెండో మూడో ఉన్నాయి, ఒంటినిండా బూడిదతో. జకరయ్య భార్య అచ్చమ్మ లోపల్నుంచి వచ్చింది.

"కోసిమ్మంటారా అన్నయ్యగారూ? వడియాలకా, పులుసులోకా?"

"కారుకమ్మా."

అచ్చమ్మ భర్త వైపు చూసింది. జకరయ్య కళ్లతోనే కొయ్యమన్నాడు.

కాయని షెడ్డులో బల్ల మీద పెట్టి, దాని రంగుకి సరిపోయేట్టు రంగు కలపడం మొదలెట్టారు. పచ్చలో తెలుపు, తెలుపులో కాస్త నలుపు. ఒక్కో చుక్కకీ శేషగిరిరావు కాయని ఎత్తి వెలుతురులో పెట్టి చూసేవాడు. పట్టుకున్న చోటల్లా బూడిద ఊడి ఆయన చేతికి అంటింది. మధ్యాహ్నానికి ఆ కాయ నిగనిగలాడే పచ్చ కాయ అయిపోయింది, ఆయన పది వేళ్ల ముద్రలతో. "ఇది పనికిరాదు, ఇంకోటి కోయండి" అన్నాడు. రెండో కాయని తొడిమకి తాడు కట్టి వేలాడదీసి, ఎవరూ ముట్టుకోవద్దని కాపలా కూర్చున్నాడు. వాడకం అయిపోయిన మొదటి కాయని అచ్చమ్మ పులుసు పెట్టింది.

రంగు కొట్టే రోజుకి కూడా ఒక తంతు ఉంది. పడమటి గాలి తోలి, ఎండ పొడిగా ఉంటే రంగు నున్నగా కూర్చుంటుంది. సముద్రపు గాలి తోలిందా, తేమకి రంగు తెల్లబారి పాలిపోతుంది. ఆ గాలి వస్తే తెనాలిలో ప్రతి రంగులవాడూ షెడ్డు తలుపులు మూసుకుంటాడు. జకరయ్య ఒక్కడే ఆ గాలి కోసం తలుపులు బార్లా తీసి కూర్చున్నాడు. పక్క షెడ్డువాళ్లు వచ్చి, "ఏం జకరయ్యా, బుర్ర తిరిగిందా?" అన్నారు.

"బి.ఏ. చదివినాయన చేయిస్తున్నాడ్రా" అన్నాడు జకరయ్య. వాళ్లు తమ షెడ్డు తలుపులు మూసుకోడానికి వెళ్లిపోయారు.

గాలి వచ్చింది. మూర దూరంలో పట్టుకోవాల్సిన గన్నుని జకరయ్య బారెడు దూరంలో పట్టుకున్నాడు. రంగు గాల్లోనే సగం ఆరిపోయి, పొడి మంచులా దిగింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని అతను కారు చుట్టూ తిరుగుతుంటే, గుడ్డ కట్టుకోకుండా శేషగిరిరావు అతని వెనకాలే తిరిగాడు. మూడు పూతలు అయ్యేసరికి ఆయన కనుబొమలు కూడా మాట్ అయ్యాయి.

సాయంత్రం ఎండ వాలినప్పుడు చూశాను. కారుకి అంచులు లేనట్టుంది. ఎండ దాని మీద పడి జారిపోకుండా అక్కడే కూర్చుంది. బాగుందనే అనిపించింది నాకు. ఆ ముక్క మాత్రం శేషగిరిరావుతో అనలేదు.

మర్నాడు రేపల్లె దారిన ఇంటికి తోలుకొస్తుంటే మొదటి రైల్వే గేటు దగ్గరే మొదలైంది.

"ఏమండీ బాబాయ్, రంగెప్పుడు వేయిస్తారు?"

"వేయించానయ్యా. ఇదే."

"అస్తరు గదండీ ఇది?"

గోడకైనా బండికైనా అసలు రంగు కంటే ముందు కొట్టే పూతని మా వైపు అస్తరు అంటారు. టీ కొట్టు దగ్గర ఆగితే టీ కొట్టువాడు అస్తరు అన్నాడు. ఎదురొచ్చిన బస్సు డ్రైవరు బండి ఆపి, తల బయట పెట్టి, ఇంజను ఆపకుండానే ఆ మాట అని వెళ్లాడు. ఒక పెద్దమనిషి మిలిటరీ వేలంలో కొన్నారా అని అడిగాడు. ఇంటికి చేరేసరికి ఆదిలక్ష్మి గుమ్మంలో నుంచుని ఉంది.

"ఇదేంటండీ, అస్తరు మీద ఆగిపోయారు? డబ్బులైపోయినయ్యా?"

"మీ బావగారి ఎంపిక."

ఆమె కాసేపు చూసింది. "బావగారన్నారంటే ఏదో ఉండే ఉంటదిలెండి" అంది. అదే నా ఎంపికైతే నాలుగు రోజులు అన్నం ఉడికేది కాదు.

మొదటి బేరం రేపల్లెలో. రైసు మిల్లు కోటేశ్వరరావు గారమ్మాయి పెళ్లి, వైశాఖంలో. కారు ఇంకా రంగు పడకుండా షెడ్డులో ఉన్నప్పుడే చూసి మాట్లాడుకున్నాడు. ఆయన ఇంట్లో పెళ్లంటే చుట్టుపక్కల మిల్లులవాళ్లు, మోతుబరులు అందరూ వస్తారు. ఆ కారు వాళ్ల కంటికి ఆనిందంటే జ్యేష్ఠం దాకా నాకు తీరిక ఉండదు. ఆనకపోతే చేను బాపట్ల వెళ్లిపోతుంది. ఆ ఉదయం ఆయన ఇంటి ముందు పందిట్లో కారు ఆపేటప్పుడు నా బుర్రలో ఇంకో ఆలోచన లేదు.

కోటేశ్వరరావు బయటికి వచ్చి కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"వెంకటరత్నంగారూ, రంగు..."

"ఇదే రంగండి."

"ఇదేనా?"

"మాట్ అండి."

"ఏ మాట?"

నేను శేషగిరిరావులాగే చిన్నగా నవ్వాను. ఆ నవ్వు నవ్వితే ఎదుటివాడు ఎంత చిన్నవాడైపోతాడో అప్పుడు తెలిసింది. కోటేశ్వరరావు అంతా తెలిసినట్టు తల ఊపాడు. కానీ ఆయన తల్లి దుర్గాంబగారికి ఆ నవ్వు పనిచేయలేదు. ఆవిడ చేతికర్రతో కారు తలుపుని పొడిచి చూసింది.

"ఏం అబ్బాయ్, డబ్బు చాల్లేదా? మావాణ్ణి అడిగితే ఇచ్చేవాడుగా."

"చాల్లేక కాదు పెద్దమ్మా. ఇది ఫ్యాషను. బూడిద గుమ్మడికాయ రంగు."

"గుమ్మడికాయ దిష్టి తీసి పగలగొడతారు గాని ఎక్కి ఊరేగుతారంట్రా ఎవరన్నా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. నాకు టిఫిను పెట్టించమని చెప్పి కోటేశ్వరరావు పెరట్లోకి తీసుకెళ్లాడు. ఉప్మా బాగుంది. రెండోసారి పెట్టించుకున్నాను. ఆ రెండో ఉప్మా తినకపోతే నా కథ ఇంకోలా ఉండేదని ఇప్పటికీ అనుకుంటాను.

తిరిగొచ్చి చూస్తే కారు పసుపుపచ్చగా ఉంది.

మా వైపు ఆడవాళ్ల సంగతి చెబుతాను. నునుపు లేని చెక్క కనపడితే వాళ్ల చెయ్యి ఊరుకోదు. గడప, పీట, రోకలి దేనికైనా పసుపు రాసి బొట్టు పెట్టందే వాళ్లకి శుభకార్యం మొదలైనట్టు కాదు. మెరిసే కారైతే భయపడి, అద్దం మీద ఒక బొట్టు పెట్టి ఊరుకుంటారు. నా కారు మెరవలేదు. చేతికి గరుగ్గా, కొత్త గడపలా తగిలింది. అంతే. ముత్తయిదువులంతా కలిసి, గిన్నెడు ముద్ద పసుపు కలిపి, గడపకి రాసినట్టే నాలుగు తలుపులకీ రాశారు. వరసగా కుంకుమ బొట్లు పెట్టారు. బానెట్టు మీద తడి బియ్యప్పిండితో పద్మం ముగ్గు వేస్తున్నారు.

"అయ్యయ్యో, పెద్దమ్మా, రంగండీ అది..."

"రంగు లేకేగా రాసింది" అంది దుర్గాంబగారు. "ఇప్పుడు చూడు ఎంత కళగా ఉందో. మెరిసేదాని మీదైతే పసుపు నిలిచేదా? నీళ్లు పోసినట్టు జారిపోయేది."

ఆ మాట నిజమే. నిలవడంలో లోటు లేదు.

సాయంత్రం ఊరేగింపు. నేను తల వంచుకుని నడిపాను. తల ఎత్తేసరికి జనం వీధి అరుగుల మీద నిలబడిపోయారు. గుంటూరు కారులా ఇది కళ్లలోకి కొట్టలేదు. పెట్రోమాక్సు వెలుగులో కారు కనపడీ కనపడనట్టుంది, పసుపూ ముగ్గూ మాత్రం గాల్లో తేలినట్టున్నాయి. వాటి నడుమ పెళ్లికూతురి మొహం వెలిగిపోతోంది. గడపే లేచి వీధిలోకి నడిచొచ్చినట్టుందని ఎవరో అన్నారు. భోజనాల వేళకి దానికి గడప కారు అని పేరు పడిపోయింది. శేషగిరిరావు కూడా పెళ్లికి వచ్చాడు. పసుపు సంగతి ఆయనకి పొద్దున తెలియదు, సాయంత్రం తెలిసింది, రాత్రికి అది ఆయన ఆలోచన అయింది.

"మాట్ అంటే మూర్ఖులకి అస్తరులా కనపడుద్ది" అని బంతిలో నలుగురికీ వినపడేట్టు చెప్పాడు. "అసలు అలంకారానికి అదే పీఠం. నేను ముందే ఊహించాను."

కాకుమాను నుంచి వచ్చిన లక్ష్మీనారాయణ అనే మోతుబరి అక్కడే నన్ను పక్కకి పిలిచి, వాళ్లమ్మాయి పెళ్లికి కారు కావాలన్నాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు ఇంటికొచ్చి మాట్లాడతామన్నారు. ఆ పూట చేను నా చేతికి వచ్చినట్టే అనిపించింది. బాపట్ల వాలుకుర్చీ నాకు చాలా దూరంగా కనపడింది.

మర్నాడు నీళ్లు పోసి కడిగాను. పిండి ముగ్గు కొంత పోయింది. కుంకుమ ఎర్రగా కారి ఆగింది. పసుపు అంగుళం కదల్లేదు. పొడి మంచులా దిగిన రంగు పొడి నేలలా పసుపుని తాగేసింది. కుంకుడుకాయ రసం పోశాను. చింతపండు పెట్టాను. ఏది పెట్టిన చోట దాని మచ్చ అది పెట్టుకుని వెళ్లింది.

మూడోనాడు లక్ష్మీనారాయణ బయానా పట్టుకుని వచ్చాడు. కారు చూశాడు.

"ఇది కోటేశ్వరరావుగారమ్మాయి పసుపు గదండీ?"

"అవునండి."

"మరి మావాళ్లు ఎక్కడ రాస్తారు?"

"దీని మీదే మళ్లీ రాసుకోవచ్చండి. ఇంకా కళొచ్చిద్ది."

ఆయన నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేదు. "ఒక పిల్ల పెళ్లి పసుపు మీద ఇంకో పిల్ల పెళ్లి పసుపా? ఏమన్నా తెలిసే మాట్లాడుతున్నారా? వాళ్లింటి గడప పీక్కొచ్చి మా గుమ్మానికి పెట్టుకున్నట్టుంటది." బయానా జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. వస్తామన్న మిగతావాళ్లు వచ్చారు, చూశారు, మజ్జిగ తాగి వెళ్లారు. గడప కారు అన్న పేరే దాన్ని చంపింది. ఎవరి గడప వాళ్లకి ఉంటుంది, అద్దెకి తిరగదు.

సరే, పసుపు లేనివాళ్ల దగ్గరికి వెళదామని తెనాలిలో జకరయ్యని పట్టుకున్నాను. వాళ్ల చర్చిలో లాజరుగారని మేష్టారు, ఆయన కూతురి పెళ్లి. ఆయన ఎంతో మర్యాదగా కారు తలుపు మీద రుమాలు అద్ది, రుమాలు నాకు చూపించాడు.

"అమ్మాయిది తెల్ల చీరండి. దిగేసరికి ఏ రంగు చీరవుద్దో చెప్పలేం. దేవుడు మీకు మేలు చేయాలి."

ఇక కిరసనాయిలుతో తుడవడం మొదలెట్టాను. ఒక తలుపు సగం అయ్యేసరికి రేపల్లె నుంచి కోటేశ్వరరావు మనిషి సైకిలు మీద రొప్పుకుంటూ వచ్చాడు.

"మా అమ్మాయిగారి పెళ్లి పసుపు కిరసనాయిలు పెట్టి తుడుస్తున్నారంటగా? దుర్గాంబగారు అన్నం మానేసి కూర్చున్నారు. పదహారు రోజుల పండగ కాకుండా ఆ పసుపు మీద చెయ్యేశారో, ఆ పిల్లకి ఏం జరిగినా మీదే పూచీ అన్నారు."

ఏం చెప్పను? పసుపు ఉంటే ఎవరూ ఎక్కరు. తీస్తే కోటేశ్వరరావు ఊళ్లో నన్ను నిలవనివ్వడు. కారుకి చాప కప్పి, ఆ పెళ్లికూతురి పండగ కోసం ఆమె తల్లి కంటే ఎక్కువ ఆత్రంగా ఎదురుచూశాను. నేను చాప కింద పెట్టుకున్న కారు ముందునుంచే గుంటూరు ఎర్ర కారు నెమలితో సహా రేపల్లె పెళ్లిళ్లకి వచ్చి పోతూ ఉండేది.

మధ్యలో బాపట్ల వెళ్లాను. "జకరయ్య చేత రుద్దించేస్తాను అన్నగారూ. పసుపు పోద్ది, మెరుపొచ్చిద్ది."

"పిచ్చిపని చేయకు. రుద్దితే మాట్ పోతుంది. ఒకసారి పోయిందంటే మళ్లీ రాదు."

"చేను పోతందండి."

"నువ్వు తొందరపడుతున్నావు తమ్ముడూ. మంచి వస్తువు జనానికి అర్థమవడానికి టైం పడుతుంది."

"ఆ టైం మీరు జ్యేష్ఠం తరవాత కూడా ఇస్తారా అండి?"

ఆయన పత్రిక పేజీ తిప్పాడు. కుసుమకుమారి లోపల్నుంచి కాఫీ పంపింది. అది చల్లారింది.

పండగ అయింది. దుర్గాంబగారు కబురు పంపింది, ఇక నీ ఇష్టం అని. కారు తెనాలి తోలాను. జకరయ్య చూసి నవ్వలేదు, అతని మంచితనం. "రుద్దటానికి కూలీ పడుద్దండి మరి" అన్నాడు.

"రుద్దకుండా ఉన్నందుకు ఇచ్చాను గదయ్యా."

"అది రుద్దకుండా ఉన్నందుకు. ఇది రుద్దినందుకు."

అతనూ, ఇంకో ఇద్దరూ కలిసి మొదలెట్టారు. గుడ్డ తిరిగిన చోట పసుపు పోతోంది, దాని కిందనుంచి నిగనిగలాడే పచ్చ బయటికి వస్తోంది, అచ్చం ఆనాడు శేషగిరిరావు చేతిలో బూడిద ఊడిన కాయలాగా. ఒక తలుపు పూర్తయ్యేసరికి అందులో నా మొహం కనపడింది. నాకది చూడాలనిపించలేదు. పని పెద్దది, వాళ్లకి లారీల పని అడ్డం వచ్చింది, రుద్దే మందు గుంటూరు నుంచి రావాల్సి వచ్చింది. కారు మొత్తం అద్దంలా తయారై షెడ్డు బయటికి వచ్చిన రోజున తెనాలిలో వాన పడింది. అది ఆషాఢం మొదటి వాన. ఆ నెలలో పెళ్లిళ్లు ఉండవని మీకు చెప్పక్కర్లేదు.

వారం తిరక్కుండా శేషగిరిరావు మా ఇంటికి వచ్చాడు. ఆదిలక్ష్మి పీట వేసింది. ఆయన కూర్చోలేదు. కారు దగ్గరే ఆగిపోయాడు. బానెట్టు మీద చెయ్యి పెట్టి, అందులో తన మొహం చూసుకుని, మీసం సర్దుకున్నాడు.

"అబ్బ, ఇదీ కారంటే. మొదటే ఇట్టా రుద్దించి ఉంటే ఎంత బాగుండేది తమ్ముడూ. నువ్వు నన్నొక్క మాట అడగవు గదా."

"మీరే గదండీ మాట్ అన్నది."

"నేను మాట్ అన్నాను. నీకేం అర్థమైందో నాకేం తెలుసు?"

"పోనీయండి. నా చేను సంగతి చెప్పండి అన్నగారూ. శ్రావణంలో పెళ్లిళ్లున్నాయి. ఇప్పుడు కారు బాగుంది. ఆ ఒక్క నెల ఆగండి."

"జ్యేష్ఠం అనుకున్నాం తమ్ముడూ. నేను మాట తప్పే మనిషిని కాదు. మాట మాటే."

ఆదిలక్ష్మి మధ్యలోకి వచ్చింది. పెళ్లయిన తరవాత ఆవిడ ఆయనకి ఎదురు మాట్లాడటం నేను చూడటం అదే మొదలు. "బావగారూ, అది మా మామగారి చేనండి."

"అందుకేనమ్మా, బయటివాళ్ల పాలు కాకుండా మనలో ఉంచాను" అన్నాడు శేషగిరిరావు. ఆవిడ పీట తీసి గోడకి చేరేసి లోపలికి వెళ్లింది.

ఆయన గొడుగు చంకలో పెట్టుకున్నాడు. కౌలుదారుని పెట్టాలి, హద్దులు చూపించమన్నాడు. వాన దారి, నడవలేను, కారు తియ్యమన్నాడు.

తీశాను. ఏం చేయను? ఆయన పెళ్లికొడుకు కూర్చునే చోట, ఎత్తుగా వేయించిన ఎర్ర రెక్సిను సీటులో కూర్చున్నాడు. కారులో ఆకాశం, కొబ్బరిచెట్లు, మా ఇంటి గుమ్మంలో నుంచున్న ఆదిలక్ష్మి, అన్నీ కనపడ్డాయి. దారిలో జనం అరుగుల మీదికి వచ్చి చూశారు. "అస్తరు కారుకి రంగేయించాడ్రోయ్" అని ఒకడన్నాడు. శేషగిరిరావు వాళ్లందరికీ చెయ్యి ఊపాడు.

కాలవ గట్టు మీద ఆపాను. ఆయన దిగలేదు, బురద అన్నాడు. సీట్లో నుంచే గొడుగు చాచి, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అని అడిగాడు. తూము దగ్గర్నుంచి తాడిచెట్టు దాకా, ఎకరం పద్నాలుగు సెంట్లు అని చెప్పాను.